చెరిసగం తిన్న గుండెకాయ

ఫోండేకి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను అటు తిరిగిన కాస్త సేపట్లో వెచ్చన తప్పిపోయి, ఇటు తిరిగేసరికి ప్రాణం చల్లబడి ఉంటుందేమోనని. ఆ ప్రాణం తాళ్ళతో అల్లిన బిలుం సంచిలో నిద్రపోయే కూతురిదైనా సరే, రేకుచుట్టులో కిచకిచమనే కోడిపిల్లదైనా సరే.

కాన్పుకి ముందు ఆమె ఇలా ఉండేది కాదు. పాప పుట్టిన దగ్గర్నుంచి మొదలైంది. చిలగడదుంపల మడిలో తీగలు సర్దుతూ ఉన్నట్టుండి లేచి ఇంటికి పరిగెత్తేది. తీరా వస్తే పాప తడికగోడకి వేలాడే సంచిలో ఒళ్ళు మరిచి నిద్రపోతూ ఉండేది. మునివేళ్ళతో పాదాలు తాకి చూసుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మడికి పోయేది. దుంపలు తవ్వమని పంపితే కోడలు దారి తవ్వుతోందని అత్త నలుగురిలో నవ్వేది. అలా నవ్వినందుకు ఫోండేకి కోపం వచ్చేది కాదు. భయం ఉన్న మనిషికి కోపానికి తీరిక ఉండదు.

కోడిపిల్లల పని ఆ భయానికి అతికినట్టు సరిపోయింది. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్లకి తన వేడి తనకి ఉండదు. పట్నంలో యంత్రాలు పొదిగిన పిల్లలాయె, తల్లి రెక్క ఎలా ఉంటుందో ఎరగవు. చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో ట్రక్కెక్కి కొండమీదికి వస్తాయి. మా కొండల మీద పొద్దు వాలిందంటే మంచు గుమ్మం దాకా దిగుతుంది. ఈకలు మొలిచేదాకా వాటికి లాంతరే తల్లి.

అందుకని ఇంటి వెనక ఫోండే తన చేతులతో ఒక చిన్న పాక వేసుకుంది. అడవి రెల్లు తనే కోసుకొచ్చి అల్లింది. లోపల వంచిన రేకుతో గుండ్రంగా చుట్టు కట్టి, కింద కాఫీ పొట్టు మందంగా పరిచి, మధ్యలో లాంతరు వేలాడదీసి, పైన గోనెసంచి కప్పింది. దాన్ని బ్రూడరంటారని మేత అమ్మేవాడు చెప్పాడు. అత్త మాత్రం దొరసానుల పడగ్గది అనేది.

నది దాటి వేరే లోయ నుంచి వచ్చిన కోడలు ఫోండే. కాపురానికొచ్చిన గట్టు మీద నేల మొగుడిది, కాఫీ చెట్లు మొగుడి తాతవి, పందులు అత్తవి. కట్టుకున్న గుడ్డ తప్పితే ఆమెది అని చెప్పుకోదగ్గది ఆ పాక ఒక్కటే. దానిమీద అత్తకి మొదటినుంచీ కన్నుంది. ఆవిడ పందుల్ని సాకి పేరు తెచ్చుకున్న మనిషి. అరచేతిలో పట్టే పీచుముక్కల కోసం ఇంత మంచి పాకా అని ఆవిడ బాధ. కిందటి దఫా పిల్లల్లో చాలా మటుకు పోయాయి. ఈసారి పెట్టె దిగిన రోజే ఆవిడ తేల్చి చెప్పేసింది.

"ఇవి బతికితే పాక నీది, నేను నోరెత్తను. చచ్చాయా, నా ఆడపంది అందులోనే ఈనుతుంది."

మొగుడు కేరువా కాఫీ మిల్లులో పనిచేస్తూ జీతాల రోజుకి మాత్రమే ఇంటికొస్తాడు. తల్లి మాట వినీ విననట్టు ఊరుకున్నాడు.

అంత దిగులులోనూ ఫోండేకి ఒక మనిషి ఉంది. మాక్రిన్. కేరువా పెదనాన్న కొడుకు భార్య, వరసకి తోడికోడలు, కంచెకి అవతల ఇల్లు. వయసులో పెద్దది, నోట్లో ఎప్పుడూ ఒక నవ్వులాట ఉండేది. ఫోండే ఆ గట్టుకి కాపురానికొచ్చిన కొత్తలో అక్కడి మాట నాలుక తిరక్క తప్పులు పలికితే, అందరూ నవ్వుతుంటే, పక్కన కూర్చుని మాటలు నేర్పింది ఆవిడే. కోళ్ళ పని నేర్పిందీ ఆవిడే.

"వాటి అరుపులు వినకు, పడుకున్న తీరు చూడు," అని చెప్పింది మొదటిసారి. "దీపానికి దూరంగా పోయి నోళ్ళు తెరిచాయా, వేడెక్కువైంది. చుట్టంతా సర్దుకుని పడుకున్నాయా, నువ్వూ పోయి పడుకో. ఒకదానిమీద ఒకటి ఎక్కాయా, చలి. పైవి కిందవాటిని తొక్కి చంపుతాయి. రోగమొస్తే ఎక్కడివక్కడ విడిగా పోతాయి. చలికి పోయేవి మాత్రం కుప్పగా పోతాయి."

ఆ తర్వాత ఇద్దరూ కలిసి పెంచిన మొదటి కోడిని గుంటపొయ్యిలో కాల్చుకున్నప్పుడు, మాక్రిన్ దాని గుండెకాయ తీసి, వేడివేడిగా ఉండగానే పంటితో సగం కొరికి, మిగతా సగం ఫోండే నోట్లో పెట్టింది. పక్కనున్న ఆడవాళ్ళు అబ్బో అన్నారు. మాలో ఒకే ముక్క చెరిసగం తిన్నవాళ్ళు ఆ పూట నుంచి పేర్లు పెట్టి పిలుచుకోరు. తిన్నదే ఇద్దరికీ పేరు. అరటిపండని పిలుచుకునేవాళ్ళున్నారు, చెరుకుముక్కని పిలుచుకునే ముసలివాళ్ళున్నారు. వీళ్ళిద్దరూ గుండెకాయలయ్యారు. తిన్న పేరు వదిలి అసలు పేరు నోట పలికితే ఆ ముక్క కక్కేసినట్టే. అందుకే ఎంత పోట్లాటలోనైనా ఎవరూ ఆ పని చెయ్యరు.

కంచె ఇటునుంచి "గుండెకాయా, ఉప్పుందా" అని ఒకరు, అటునుంచి "ఉంది, వచ్చి పట్టుకుపో గుండెకాయా" అని ఒకరు. దారిన పోయేవాళ్ళు, ఈ గట్టున రెండు గుండెలే ఉన్నట్టున్నాయి, మాకేం లేవా అని మేలమాడేవాళ్ళు. పరాయి లోయలో ఆ పిలుపు విన్న ప్రతిసారీ ఫోండేకి ఇంటికి చేరినట్టుండేది.

ఈసారి మాక్రిన్ ఒకటికి రెండు పెట్టెలు తెప్పించింది. ఆవిడ బ్రూడరు వంటింటి మూల ఉంటుంది, లాంతరు ఒకటే. ఇన్నిటికి ఒక దీపం ఎలా చాలుతుందని ఫోండే అడిగింది. ఎక్కువుంటే ఒకదాన్నొకటి కాచుకుంటాయిలే, నీకు ప్రతిదానికీ భయమే అని మాక్రిన్ కొట్టిపారేసింది. నిజమే కాబోలు, తనకి ప్రతిదానికీ భయమే అనుకుని ఫోండే ఊరుకుంది.

పెట్టెలు దిగిన కొద్దిరోజులకి వానలు పట్టాయి. పాపకి దగ్గు మొదలైంది. మొదట పొడిదగ్గు, తర్వాత ఎగపోత. డొక్కలు లోపలికి పోయి వస్తుంటే ఫోండే కళ్ళు దానిమీదనుంచి తిప్పలేదు. కషాయం పట్టించమని అత్త అంది. పట్టించింది. పొద్దున్నకి పాప పాలు కూడా వదిలేసింది. ఇక ఆసుపత్రికి పోకతప్పదు. ఆసుపత్రి నది దాటి అవతలి కొండ మొదట్లో ఉంది. వెళితే అదే రోజు తిరిగొస్తామన్న నమ్మకం లేదు.

పాపని వదలడానికి లేదు. కోడిపిల్లల్ని మోసుకుపోవడానికి లేదు. అత్తకి అప్పజెప్పడమంటే పందికి అప్పజెప్పినట్టే. ఫోండే లాంతరు నిండా కిరసనాయిలు పోసింది, గాజు తుడిచింది, వత్తి చివర్లు కత్తిరించింది, మిగిలిన సీసా గుంజ పక్కన పెట్టింది. పెట్టి కంచె దగ్గరికి పోయింది.

సాయంత్రం గోనె దించమనీ, గాలి నదివైపు నుంచి కొడితే ఆ పక్క అట్టముక్క అడ్డం పెట్టమనీ, నీళ్ళు గోరువెచ్చగా పొయ్యమనీ చెప్పుకుంటూ పోతుంటే మాక్రిన్ ఆపింది.

"నాకే నేర్పుతున్నావా గుండెకాయా? నీకు వత్తి పట్టుకోవడం నేర్పిందెవరు?"

"నువ్వే."

"మరింకేం. పో. ముందు పిల్ల సంగతి చూడు. నీ పాక సంగతి నాకొదిలెయ్. నా వాటికంటే ముందు నీ వాటి మొహం చూసే పడుకుంటా, సరేనా?"

పాపని సంచిలో వేసుకుని, సంచి నుదుటికి తగిలించుకుని ఫోండే కొండ దిగింది. నది దాకా వెనక్కి తిరిగి తిరిగి చూసింది. నది దాటాక చూడలేదు. చూడనక్కర్లేదనిపించింది. పాప పుట్టాక ఒక భయాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి నడవడం అదే మొదటిసారి.

ఆసుపత్రిలో నర్సమ్మ పాప రొమ్ము మీద గొట్టం పెట్టి విని, ఆలస్యం చెయ్యకుండా తెచ్చావు, మంచిపని చేశావంది. సూది వేసి, ఈ రాత్రికి ఇక్కడే ఉండి తీరాలని చెప్పింది. ఫోండే పాపని ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. బయట వాన కొడుతూనే ఉంది. తెల్లారేసరికి ఎగపోత తగ్గింది, పాప రొమ్ము పట్టింది. ఫోండే ఏడ్చింది. అది సంతోషమే.

ఇంకో సూదికోసం మధ్యాహ్నం దాకా ఆగమన్నారు. ఆ ఆగడంలోనే, ఎదురుగట్టు మీద ఉండే ఒక పెద్దావిడ కాలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చి ఆమె పక్కన కూలబడింది. ఆవిడ గుమ్మంలోంచి చూస్తే ఫోండేవాళ్ళ గట్టు ఇళ్ళన్నీ కనిపిస్తాయి. పాప సంగతి అడిగింది, వాన సంగతి చెప్పింది, ఆవులించి మామూలుగా అడిగింది.

"మీ మాక్రిన్ ఇంట్లో ఏమిటే విశేషం? నిన్న పొద్దు గూకినప్పట్నుంచీ రెండు లాంతర్లు. తడికంతా బంగారంలా మెరిసిపోయింది. ప్రార్థన పెట్టుకున్నారేమో, పాటలు వినబడతాయేమోనని చూశా. ఎప్పుడూ వెలిగే మీ పాకే చీకటిగా ఉంది."

ఫోండే ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడకి ఏ దురాలోచనా లేదు. కట్టు బిగువుగా ఉందని కాలు ఊపుకుంటోంది.

మొదట ఫోండే మనసు మాక్రిన్ పక్షానే వాదించింది. వానకి పాక కురిసి ఉంటుంది. పిల్లల్ని ఎత్తి తన వంటింట్లోకి మార్చుకుని ఉంటుంది, వాటితోపాటు దీపమూ పోయి ఉంటుంది. నేనయితే అదే చేసేదాన్ని కదా. ఎంత శ్రమ పడిందో ఏమో, పోతూ సంతలో ఆవిడకి ఇష్టమైన వేరుశెనగలు కొనుక్కుపోవాలి. అలా అనుకుంటూనే రెండో సూది వేయించింది. అనుకుంటూనే వేరుశెనగలు కొంది. నది దాటి కొండ ఎక్కుతున్నంతసేపూ ఆ మాటే తిప్పితిప్పి చెప్పుకుంది. ఎక్కేకొద్దీ అడుగులు మాత్రం పరుగయ్యాయి.

పాక ముందు అత్త నిలబడి ఉంది. మనవరాలి నుదురు తాకి చూసి, బతికించుకొచ్చావు అంది. ఆ వెంటనే గొంతు మార్చింది.

"లాంతర్లో కిరసనాయిలు చుక్క కూడా లేకుండా ఎలా పోయావే? పాపం మాక్రిన్ వాన్లో ఎవరింటికని పోయి అడుగుతుంది? చేతగానప్పుడు పెంచనేల?"

ఫోండేకి అర్థం కాలేదు. నిండా పోశానంది. సీసా కూడా పెట్టానంది. అత్త గడ్డంతో పాక వైపు చూపించి, మరి మాక్రిన్ అబద్ధం చెబుతుందా అంది.

ఫోండే వంగి లోపలికి పోయింది. లాంతరు వేలాడుతోంది, వెలుగుతోంది, పగటిపూట అవసరం లేనంత వత్తి పెంచి ఉంది. దాని గాజు ఆమె తుడిచి వెళ్ళినట్టు లేదు. పైకంటా మసి. కింద మాక్రిన్ గొంతుక్కూర్చుని ఉంది. పక్కన బుట్ట. రేకుచుట్టులో ఒక మూల కోడిపిల్లలు కుప్పగా పడి ఉన్నాయి, గుప్పిళ్ళకొద్దీ పసుపుపచ్చ నూలు ఎవరో విదిల్చి పోసినట్టు. అడుగునవి అప్పడాల్లా అణిగిపోయాయి. పైన నాలుగైదు మాత్రం ఇంకా మెడలెత్తుతున్నాయి.

"పట్నం నుంచే రోగంతో వచ్చినట్టున్నాయే గుండెకాయా," అంది మాక్రిన్, కళ్ళొత్తుకుంటూ. "రాత్రంతా కూర్చున్నా. ఒకటి తర్వాత ఒకటి తలలు వాల్చేశాయి."

ఫోండే చుట్టు దగ్గర వంగింది. ఆ కుప్పని చూసింది. చలికి పోయేవి కుప్పగా పోతాయని ఈ గొంతుతోనే కదా విన్నది. బయట కిరసనాయిలు లేదని చెప్పి, లోపల రోగమని చెబుతోంది. ఎవరికి కావలసిన అబద్ధం వాళ్ళకి. రెండూ కలిపి వినేది తను ఒక్కతే.

గుంజ పక్క సీసా లేదు.

"నీ పిల్లలెలా ఉన్నాయి?" అని అడిగింది ఫోండే.

"ఆఁ, ఉన్నాయి."

"అన్నీ?"

మాక్రిన్ బుట్టలోకి చూసింది. అత్త గుమ్మంలో వంగి చూస్తోంది.

"నీ ఇంట్లో రెండు దీపాలు వెలిగాయట. ఎదురుగట్టుకి కనబడ్డాయి."

అప్పుడు మాక్రిన్ ఏడుపు ఆగిపోయింది. గోనె పీచులు పీకింది. ఆ తర్వాత చెప్పింది, విసురుగా, ఎవరో తననే ఏదో అన్నట్టు. వాన మొదలవగానే తనవి ఒకదానిమీద ఒకటి ఎక్కాయట. ఇన్నిటికి ఒక్క దీపం చాల్లేదట. కాస్త వేడి పుట్టాక తిరిగి తెచ్చి పెడదామనే తీసుకుపోయిందట. పొయ్యి దగ్గర కూర్చుంటే కన్నంటుకుందట. తెల్లవారాక లేచి పరిగెత్తుకొచ్చిందట.

"రెండిట్లో ఒకటే దక్కుతుందంటే ఏం చెయ్యను? నీ మొగుడికి జీతం వస్తుంది. నా వాడు పోయినవాడు పోయినట్టే, ఏ ఊళ్ళో ఎవతె దగ్గరున్నాడో కూడా తెలీదు. నీకు ఈ పెట్టె పోతే ఇంకో పెట్టె. నాకు అలా కాదే."

అది అబద్ధం కాదు. ఫోండేకి తెలుసు. ఆ ఒక్క సంగతే ముందు చెప్పి ఉంటే, అమ్మా నా వాటికి చలేసింది, నీ దీపం తీసుకున్నాను, నీవి పోయాయి అని కంచె దగ్గర ఎదురొచ్చి చెప్పి ఉంటే, ఏడ్చేది, తిట్టేది, చివరికి వేరుశెనగలు చేతిలో పెట్టేది. దీపం పోయినందుకు కాదు ఆమె బాధ. తను పిల్ల ప్రాణం పట్టుకుని ఆసుపత్రి గోడకి ఆనుకుని కూర్చున్న వేళ, ఈ మనిషి అత్త దగ్గరికి నడిచిపోయి, కిరసనాయిలు పోయకుండా పోయిందని చెప్పింది. పాక ఎవరి చేతుల్లోకి పోతుందో తెలిసే చెప్పింది.

"అత్తతో ఎందుకు చెప్పావు?"

మాక్రిన్ చచ్చిన పిల్లనొకదాన్ని తీసి బుట్టలో వేసింది.

"నా లాంతరు తీసుకున్నావు సరే. తప్పు నామీద ఎందుకు పెట్టావు?"

"మరి నామీద పెట్టుకోనా?" అంది మాక్రిన్, చాలా చిన్నగా. "గుండెకాయా, నువ్వయితే..."

"లే మాక్రిన్," అంది ఫోండే. "బయటికి పో."

గొంతు పెంచలేదు. అయినా అత్త గుమ్మం పట్టుకున్న చెయ్యి వదిలేసింది. ఇంత పెద్దరికంలోనూ చెరిసగం తిన్నవాళ్ళ నోట అసలు పేరు విని ఉండదు. మాక్రిన్ చెంపదెబ్బ తిన్నదానిలా తలెత్తి చూసింది. పెదాలు కదిలాయి. ఏ పేరు పెట్టి పిలవాలో తోచనట్టుంది. గుండెకాయ అనడానికి లేదు. ఫోండే అనడానికి అలవాటు తప్పింది. బుట్ట అక్కడే వదిలి, వంగి, అత్త పక్కనుంచి బయటికి పోయింది.

అత్త పాకలోకి, కుప్పలోకి, కోడలి మొహంలోకి చూసింది. కిరసనాయిలు సంగతి మళ్ళీ ఎత్తలేదు. అన్న మాట కూడా వెనక్కి తీసుకోలేదు. నువ్వు నమ్మిందానివి, నేనేం చెయ్యను, పంది నెలలు నిండి ఉంది అని మాత్రం అంది. మర్నాడు రేకుచుట్టు విప్పేసి, కాఫీ పొట్టు ఎత్తి పారబోసి, పందిని తాడుపట్టి లోపలికి తోలింది. ఫోండే అడ్డం రాలేదు. మాటంటే మాటే. కేరువా జీతాల రోజుకి వచ్చి, అంతా విని, ఇంకో పాక వేద్దాంలే అన్నాడు. వేస్తాడనీ అనిపించలేదు, వెయ్యడనీ అనిపించలేదు. ఏ పాకకి ఎవర్ని కాపలా పెట్టాలో మాత్రం ఆమెకి తెలియలేదు.

మిగిలిన నాలుగైదు పిల్లల్నీ పాప సంచిలోనే, గుడ్డ చుట్టి, తన ఒంటికి ఆనించి కట్టుకుంది. ఒకటి చచ్చింది. తక్కినవి బతికాయి. ఇప్పుడు ఈకలొచ్చి గుమ్మం ముందు తిరుగుతున్నాయి.

మాక్రిన్ కోళ్ళు బాగా ఎదిగాయి. సంతలో చకచకా అమ్ముడైపోయాయని చెప్పుకున్నారు. ఒకరోజు ఆవిడ బాగా బలిసిన పెట్టనొకదాన్ని కాళ్ళు కట్టి కంచె ఇటువైపు వదిలిపోయింది. ఫోండే దాన్ని తాడుతో సహా ఎత్తి అటువైపు పెట్టింది. అప్పటినుంచి ఉప్పుకైనా నిప్పుకైనా ఎవరూ ఎవర్నీ పిలవడం లేదు. దారిన పోయేవాళ్ళు కూడా ఆ కంచె దగ్గర మేలమాడడం మానేశారు.

ఇదంతా పోనీ. కోళ్ళు మళ్ళీ వస్తాయి. ఫోండే ఇప్పుడు పాపని కిందికి దించడం లేదు. మడిలో పని చేసినా వీపు మీదే, వంట చేసినా వీపు మీదే. అత్త ఎత్తుకుంటానన్నా ఇవ్వదు, మొగుడికీ ఇవ్వదు, చర్చిలో పక్కనున్న ఆడవాళ్ళు చేతులు చాస్తే నవ్వి తల పక్కకి తిప్పుకుంటుంది. రాత్రి పడుకున్నట్టే ఉంటుంది కానీ పిలిస్తే వెంటనే పలుకుతుంది. నుదుటి మీద సంచి తాడు ఒరుసుకుని చర్మం లేచిపోయింది. చిక్కి సగమైంది. ఎవరైనా అడిగితే, పిల్లకి దగ్గు తిరగబెడుతుందేమోనని అంటుంది. పిల్లకి దగ్గు తగ్గి చాలా కాలమైంది.

అందుకే చెబుతున్నాను. మీరు నది దాటి ఆ గట్టు మీదుగా పోయేవాళ్ళయితే, ఫోండే ఇంటి ముందు ఒక్కసారి ఆగండి. పిల్లనిమ్మని చెయ్యి చాచకండి. పక్కన కూర్చుని తిన్నావా అని అడగండి. మీరు పెట్టింది ఆమె తినేదాకా కూర్చోండి. ఎలా ఉందో చూసి, తిరిగొచ్చేటప్పుడు, నది ఇవతల ఉన్న నాకో మాట చెప్పండి.